పింగాణీ స్త్రీబొమ్మకు ముఖం దిద్దడం

7.1 పరిచయం

కొండపల్లి బొమ్మకైనా చేర్యాల బొమ్మకైనా రంగు వేసి ఆరబెడితే పని పూర్తవుతుందని గత భాగంలో చదివారు. పింగాణీ బొమ్మ సంగతి వేరు. దాని మీద వేసిన రంగు ఆరితే చాలదు, కాలాలి. కాలేదాకా అది వేలు తగిలితే చెరిగిపోతుంది. కాలిన తరవాత దాన్ని తుడిచేయడం సాధ్యం కాదు. ఈ రెండు స్థితుల మధ్య ఏ పని ఎప్పుడు చేయాలో తెలుసుకోవడమే ఈ విద్యలో సగం.

ఈ భాగం చదివాక మీరు ఏ రంగు మంటకు నిలుస్తుందో, ఏది నిలవదో చెప్పగలగాలి. అలంకరించుకున్న స్త్రీ ముఖాన్ని ఏ క్రమంలో దిద్దాలో, ఒక్కొక్క పూత తరవాత బొమ్మను ఎందుకు కాల్చాలో వివరించగలగాలి. కేసముద్రం వంటి ఊళ్లో ఉంటూ ఈ పని మొదలుపెట్టాలనుకునేవారికి ఎదురయ్యే చిక్కులను చివర చూస్తాం.

7.2 ఇంట్లోని రంగులు బట్టీలో ఏమవుతాయి?

మనకు తెలిసిన చోటు నుంచే మొదలుపెడదాం. పాత వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన చేర్యాలలో నకాషీ చిత్రకారులు పటాలతోపాటు బొమ్మలు, ముఖోటాలు కూడా చేస్తారు. రంపపు పొట్టు, చింతగింజల అంబలి కలిపిన ముద్దతో ఆకారం తీర్చి, తెల్లపూత పూసి, దాని మీద రంగులు వేస్తారు. సంప్రదాయ పద్ధతిలో తెలుపుకు సముద్రపు గవ్వల పొడి, నలుపుకు దీపపు మసి, పసుపు రంగుకు పసుపే వాడేవారు. ఈ బొమ్మలు మంట ముఖం చూడవు కాబట్టి చెట్టు నుంచి వచ్చిన రంగు కూడా వాటి మీద హాయిగా నిలుస్తుంది.

అదే పసుపును పింగాణీ మీద రాసి బట్టీలో పెట్టండి. తీసి చూస్తే ముఖం మళ్లీ తెల్లగా ఉంటుంది. పింగాణీ మీది రంగులు కరిగి అంటుకోవడానికి సుమారు 700 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. బొమ్మల ముఖాలకు ఎక్కువమంది 720 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ వేడికి చాలా ముందే పసుపు కాలిపోతుంది. కుంకుమ కూడా అంతే, ఎందుకంటే అది సున్నం తగిలి ఎర్రబడిన పసుపే. కాటుక అంటే మసి, మసి అంటే బొగ్గు. అదీ మిగలదు. పెళ్లికూతురిని అలంకరించడానికి మన ఇంట్లో ఉన్న సామగ్రిలో దాదాపు ఏదీ బట్టీ దాటి రాదన్నమాట.

దాటి వచ్చేవి లోహాలు, వాటి ఆక్సైడ్లు. ముగ్గుల పక్కన అరుగుకు పూసే జాజు మీకు తెలుసు. దాని ఎరుపు ఇనుము వల్ల వచ్చింది. పింగాణీ బొమ్మ పెదవికి, బొట్టుకు, కనుబొమల గోధుమ రంగుకు కూడా ఆధారం ఇనుమే. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు క్రోమియం లేదా రాగి వాడతారు. చెక్కిలి మీది గులాబీ రంగు చాలాసార్లు బంగారం నుంచి వస్తుంది. అతి సూక్ష్మమైన బంగారు కణాలు గాజులో పరుచుకుంటే పసుపుపచ్చగా కాదు, గులాబీగా, ఊదాగా కనిపిస్తాయి. ఆ రంగు ఖరీదు ఎక్కువ కావడానికి కారణం అదే.

అలాగని జాజు తెచ్చి నేరుగా రాస్తే పని కాదు. ఆక్సైడ్ తనంతట తాను పింగాణీకి అంటుకోదు. దానితో కలిపిన మెత్తని గాజుపొడి బట్టీలో కరిగి, రంగును తనలో పట్టుకుని, చల్లారేటప్పుడు పింగాణీకి కరుచుకుంటుంది. చైనా పెయింట్ పేరుతో చిన్న సీసాల్లో అమ్మే పొడి ఈ మిశ్రమమే. ఆ గాజుపొడిలో సీసం ఉండే అవకాశం ఉంది. కాబట్టి దీన్ని వంటింట్లో కలపకూడదు. అన్నం తినే పళ్లేన్ని రంగుపళ్లెంగా వాడకూడదు. కుంచె మొనను పెదవులతో సన్నగా చేసే అలవాటు ఉంటే ఈ రోజే మానుకోండి. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న గదిలో పొడి రంగు తెరవకూడదు. ఈ పేరాను రెండుసార్లు చదవండి.

7.3 పింగాణీ బొమ్మ, నూనె, కుంచె

తెల్లమన్ను, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపిన ముద్దను 1,200 డిగ్రీలకు పైగా కాలిస్తే పింగాణీ అవుతుంది. చైనాలో వెయ్యేళ్లకు పైగా తెలిసిన ఈ రహస్యం ఐరోపాకు 18వ శతాబ్దం మొదట్లో గాని పట్టుబడలేదు. జర్మనీలోని మైసెన్‌లో 1710లో కార్ఖానా మొదలైంది. ఆ తరవాతి శతాబ్దంలో జర్మనీలోని తురింగియా ప్రాంతం, ఫ్రాన్సులో పారిస్ పింగాణీ తలల బొమ్మలకు పేరుపొందాయి. 1860, 1870 దశకాల్లో పారిస్ బొమ్మల్లో ఎక్కువ భాగం పసిపాపలు కావు. నడుము సన్నగా, గౌను నిండుగా ఉన్న పెద్దింటి స్త్రీలు. మనం ఇక్కడ స్త్రీబొమ్మ అంటున్నది ఆ తరహా బొమ్మనే.

తలలు రెండు రకాలు. గాజులా మెరిసే పూత ఉన్నది ఒకటి. ఆ పూత లేకుండా, చర్మంలా మసకగా ఉండేది రెండోది. దీన్ని బిస్క్ అంటారు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్తే యూరోపియన్ పింగాణీ ఉన్న గదుల్లో కాసేపు ఆగండి. అక్కడి మెరిసే చిన్న బొమ్మల్లో ముఖం రంగు మెరుపు పూత మీద కూర్చుని ఉంటుంది. బిస్క్ మీద అలా కూర్చోదు, సన్నని గరుకులోకి దిగుతుంది. అందుకే బిస్క్ ముఖం బతికి ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే దాన్ని తుడవడమూ కష్టం. రంగు వేయకముందే తలను తడి చేసి, నున్నటి గరుకు కాగితంతో అచ్చు గీతలు పోయేలా రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

రంగుపొడిని నీళ్లతో కాకుండా లవంగ నూనె వంటి నెమ్మదిగా ఆరే నూనెతో నూరాలి. ముద్ద వెన్నలా ఉండాలి, కారకూడదు. నూనె ఎక్కువైతే బట్టీలో పొంగి రంగు చితుకుతుంది. కనుబొమలకు, రెప్పలకు సన్నని పొడవాటి కుంచె, చెక్కిళ్లకు మెత్తటి అద్దుడు గుడ్డ ఉంటే మొదలుపెట్టవచ్చు. మిగిలిన పనిముట్లు తరవాత కొనుక్కోవచ్చు.

7.4 ఏది అందగత్తె ముఖం?

ఒకే అచ్చులోంచి వచ్చిన రెండు తలలు తీసుకుని ఒకదాన్ని పసిపాపగా, రెండోదాన్ని సినిమా తారగా చేయవచ్చు. తేడా అంతా రంగు వేసే చోటులో ఉంది. పసిపాపకు చెక్కిలి మధ్యలో గుండ్రంగా గులాబీ అద్దుతారు. స్త్రీకి అది ఎముక వెంట పైకి, చెవి వైపు సాగుతుంది. పాప కన్ను పూర్తిగా తెరిచి, కంటిపాప నిండుగా కనిపిస్తుంది. స్త్రీ కన్ను పై రెప్ప కొంచెం వాలి, కంటిపాప పైభాగాన్ని కప్పుతుంది. ఆ ఒక్క రెప్పవాలుతోనే వయసు, ఠీవి రెండూ వస్తాయి. పాప కనుబొమ కళ్లకు దగ్గరగా, మెత్తగా ఉంటుంది. స్త్రీది సన్నగా, వంపు తిరిగి, కంటికి ఎడంగా ఉంటుంది. రెప్ప వెంట్రుకలు కంటి వెలుపలి కొసన పొడవు కావాలి, ముక్కు వైపు పొట్టివైపోవాలి. అన్నీ ఒకే పొడవు గీస్తే చీపురు పుల్లలు పేర్చినట్టు ఉంటుంది.

కొత్తగా నేర్చుకునేవారు ఆకర్షణ అంటే రంగు ఎక్కువ వేయడం అనుకుంటారు. పెళ్లి ఫోటోల్లో ఎడాపెడా పూసిన మేకప్ చూసినవారికి ఇది తెలిసిన ఇబ్బందే. పింగాణీ మీద మందంగా వేసిన రంగు చల్లారేటప్పుడు పొరలు పొరలుగా లేచిపోవచ్చు కూడా. పలచటి పూత వేసి కాల్చి, మళ్లీ పలచటి పూత వేసి కాల్చాలి. లోతు ఆ దారిలోనే వస్తుంది.

7.5 నాలుగు కాల్పులు

మొదటిసారి చర్మం రంగు మాత్రమే. ముఖమంతా పలచగా పూసి, మెత్తటి పట్టుగుడ్డతో అద్ది అద్ది కుంచె జాడలు పోగొట్టాలి. నచ్చకపోతే ఇప్పుడే స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వేయండి. కాలిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

రెండోసారి చెక్కిళ్లు, పెదవులకు అడుగు రంగు, కనుబొమలకు తొలి నీడ. కనుబొమను ఒక్క గీతగా గీయకండి. వెంట్రుక వెంట్రుకగా, లోపలి నుంచి బయటికి, కుంచె ఎత్తుతూ వేయండి. మీ చేయి తిరగని వైపు కనుబొమను ముందు వేసి, దానికి సరిపోయేలా రెండోది దిద్దితే జత కుదురుతుంది. తేలికైన వైపు ముందు వేసినవారు రెండోది కలపలేక అవస్థపడతారు. జత కుదిరిందో లేదో చూడటానికి తలను తలకిందులు చేసి అద్దంలో చూడండి. మనకు అలవాటు లేని కోణంలో తప్పు వెంటనే బయటపడుతుంది.

మూడోసారి కళ్లు. కంటిపాప, నల్లగుడ్డు, రెప్పగీత, వెంట్రుకలు. కంట్లో మెరిసే తెల్లచుక్క కోసం రంగు వేయకుండా చోటు వదిలేయడం మేలు. ఆ చుక్క రెండు కళ్లలోనూ ఒకే వైపు ఉండాలి. ఒకదానిలో ఎడమకు, ఇంకోదానిలో కుడికి ఉంటే మెల్లకన్నులా కనిపిస్తుంది. చేర్యాల, కొండపల్లి బొమ్మల్లో కన్ను నల్లటి అంచుగీతతోనే చాలావరకు తేలిపోతుంది. పింగాణీలో గీత ఎంత గట్టిగా ఉంటే చూపు అంత బండబారుతుంది. కాబట్టి రెప్పగీతకు కటిక నలుపు బదులు ముదురు గోధుమ రంగు వాడండి.

నాలుగోసారి పెదవుల మీద ముదురు నీడ, రెప్పల మీది రంగు, బొట్టు. ఇనుపు ఎరుపు వేడి ఎక్కువైతే వెలవెలబోతుంది కనుక దాని చివరి పూత ఇంత ఆలస్యంగా వేస్తున్నాం. బంగారం నుంచి వచ్చిన గులాబీ మరో రకంగా మొండికేస్తుంది. వేడి చాలకపోతే మురికిగా, గోధుమగా వస్తుంది. మించితే నీలానికి తిరుగుతుంది. కాడ్మియం ఉన్న మెరుపు ఎరుపులు ఇతర రంగులతో కలిస్తే నల్లబడతాయి, వాటికి కుంచె కూడా వేరుగా ఉంచాలి. ముక్కుపుడక పెట్టాలనుకుంటే ద్రవబంగారం ఉంది కానీ బిస్క్ మీద అది మెరవదు, మసకగా ఆరిపోతుంది. పుడక వచ్చే చోట ముందు ఒక చుక్క గ్లేజ్ వేసి కాల్చి, దాని మీద బంగారం పెట్టి మరోసారి కాల్చాలి. ఒక్క పుడకకు రెండు కాల్పులు!

7.6 ఏ చర్మం రంగు?

జర్మన్, ఫ్రెంచి నమూనాల్లో ముఖం గులాబీ తెలుపు. పుస్తకాల్లో ఇచ్చే రంగుల పేర్లు, కొలతలు ఆ ముఖానికే సరిపోతాయి. వాటినే అనుసరిస్తే పట్టుచీర కట్టించి, బొట్టు పెట్టినా బొమ్మ ఇంగ్లీషు దొరసాని వేషం వేసినట్టే ఉంటుంది. బొమ్మల కొలువులో పెట్టడానికి ఎవరైనా కొంటే ఆ తేడా మొదటి చూపులోనే తెలుస్తుంది.

ఈ విషయంలో చేర్యాల చిత్రకారుల పద్ధతి ఆలోచించదగ్గది. అక్కడ చర్మం రంగు పాత్రను చెబుతుంది. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు రంగులు, మనుషులకు గులాబీ, ఒంటిచాయలు. ముఖం రంగు అంటే అనుకరణ కాదు, ఒక నిర్ణయం అని వారికి ముందే తెలుసు. మీరూ నిర్ణయం తీసుకోండి. చామనచాయ కావాలంటే ఇనుము నుంచి వచ్చే పసుపు గోధుమ రంగులను అడుగు పూతగా రెండుసార్లు, ఒక్కొక్కసారీ కాల్చి వేయండి. ముదురు రంగును ఒకేసారి దట్టంగా వేస్తే మచ్చలు పడుతుంది. చామనచాయ మీద లేత గులాబీ చెక్కిలి బూడిద రంగులా కనిపిస్తుంది. ఇటుక ఎరుపు వాడండి. పెదవికి దానిమ్మ గింజ కన్నా కొంచెం ముదురు రంగు చాలు. తెల్లటి ముఖమే అందమని మన మార్కెట్లో నడుస్తున్న నమ్మకాన్ని ఇంకో బొమ్మతో బలపరచనవసరం లేదని ఈ పాఠ్యరచయిత అభిప్రాయం. కొనేవారు అడిగిన రంగు వేయడం మీ వృత్తి అయినా, మీ దగ్గర రెండు నమూనాలు పెట్టి చూపించడం మీ చేతిలో పనే.

7.7 కేసముద్రంలో బట్టీ

ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న కేసముద్రం మీ ఊరనుకోండి. ఇల్లు మార్కెట్ యార్డుకు దగ్గర. మిర్చి, పసుపు, మొక్కజొన్న వచ్చే రోజుల్లో గాలి నిండా దుమ్ము, పొట్టు. నూనె రంగు గంటల తరబడి తడిగానే ఉంటుంది కాబట్టి ఆ దుమ్మంతా ముఖం మీద వాలుతుంది. సేంద్రియ పొట్టు బట్టీలో కాలిపోతుంది కానీ దాని చోట సూదిమొనంత గుంట మిగులుతుంది. మట్టి రేణువైతే అలాగే అంటుకుంటుంది. రంగు వేసిన తలను బోర్లించిన డబ్బా కింద ఉంచండి. యార్డు సెలవు రోజును రంగు రోజుగా పెట్టుకోవడం ఇంకా నయం.

కాల్చడం ఎక్కడ? వంటింటి ఓవెన్ వేడి 250 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కుమ్మరి ఆవంలో వేడి సరిపోవచ్చు కానీ పొగ, బూడిద రంగులను చెడగొడతాయి. గాలి ఆడని పొగలో ఇనుపు ఎరుపు నల్లబడుతుంది, సీసం ఉన్న గాజు మసిబారుతుంది. కరెంటు బట్టీ ఒక్కటే దారి. ఒకటి రెండు తలలు పట్టే చిన్న బట్టీ సింగిల్ ఫేజ్ మీద, 15 ఆంపియర్ల ప్లగ్గుతో నడుస్తుంది. ఆ ప్లగ్గు గరిష్ఠంగా ఇచ్చేది సుమారు 3,450 వాట్లు. బట్టీ మీద రాసిన వాట్లు దానికి లోపలే ఉండాలి, ఆ తీగ మీద ఇంకేదీ నడపకూడదు. నూనె ఆవిరి పోయేవరకు, అంటే దాదాపు 500 డిగ్రీల దాకా, మూతను కాస్త తెరిచి ఉంచాలి. గది కిటికీలూ తెరవాలి.

మధ్యలో కరెంటు పోతే కంగారుపడి మూత తీయకండి. వేడి పింగాణీకి చల్లగాలి తగిలితే పగులుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి. రంగు మసకగా, గరుకుగా ఉంటే కాలలేదని అర్థం. మళ్లీ మొదటి నుంచి కాల్చండి, చాలావరకు కోలుకుంటుంది. ఎక్కువ కాలినదే కోలుకోదు.

బట్టీ కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే ఏం చేయాలి? కాల్చనవసరం లేని ఆక్రిలిక్ రంగులతో ముఖం దిద్దవచ్చు. ముఖకవళికలు, కనుబొమల వంపు నేర్చుకోవడానికి అవి పనికివస్తాయి. కానీ అవి గోటికి లేచిపోతాయి. అలాంటి బొమ్మ అమ్మేటప్పుడు ఆ మాట కొనేవారికి చెప్పాలి. ఇంకో ఊళ్లో ఉన్న బట్టీకి పంపాలనుకుంటే, కాల్చని ముఖం రైలు ప్రయాణానికి తట్టుకోదని గుర్తుంచుకోండి. తలను వట్టిగా తీసుకువెళ్లి, రంగు అక్కడే వేయాలి.

7.8 మీరే చేసి చూడండి

ఇంట్లో పగిలిన తెల్ల పింగాణీ సాసరు ముక్క తీసుకుని అంచులను గరుకు కాగితంతో మొండి చేయండి. బొగ్గుపొడిని నూనెతో నూరి, సన్నని కుంచెతో దాని మీద ఇరవై కనుబొమలు వేయండి. పది ఎడమవి, పది కుడివి. జత కుదిరిన వాటిని గుర్తుపెట్టి, మిగిలినవి గుడ్డతో తుడిచి మళ్లీ వేయండి. వరుసగా ఐదు జతలు కుదిరిన రోజున రంగు సీసాల కోసం రాయండి.