పాత మోటారుసైకిలు: కాలికి కాపు, తలకు కాపు

నేడు మన గ్రామములలో మోటారుసైకిలు లేని వీధి అరుదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లచెరువు వంటి ఊరిలో వేరుశనగ విత్తనపు మూట తేవలెనన్నను, కదిరి ఆసుపత్రికి పోవలెనన్నను అదియే వాహనము. వీనిలో పెక్కు పది, పదునైదు ఏండ్లనాటివి. చేతులు మారి వచ్చినవి. ఇట్టి బండిని కొన్నవారు తరచుగా మొదట చేయించు పని ముందు భాగమున లెగ్‌గార్డు బిగించుట. ఆ ఇనుపగొట్టము నిజముగా దేనిని కాపాడును? చేతనున్న కొద్ది సొమ్మును మొదట దేనిపై వెచ్చింపవలెను? పాఠశాలలో నేర్చు భౌతికశాస్త్రముతోనే ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవచ్చును.

రెండు విధముల శక్తి

110 కిలోగ్రాముల బండిపై 60 కిలోగ్రాముల మనిషి గంటకు 40 కిలోమీటరుల వేగమున పోవుచున్నాడనుకొందము. ఈ వేగము సెకనుకు 11.1 మీటరులు. ద్రవ్యరాశిని వేగవర్గముతో గుణించి, సగము చేసినచో గతిజశక్తి వచ్చును. అది సుమారు 10,500 జౌలులు. వేగము 20 కిలోమీటరులకు తగ్గినచో శక్తి నాలుగవ వంతగును.

ఇక బండి ప్రక్కకు ఒరిగి పడుటలో నున్న శక్తిని చూతము. పడునప్పుడు దాని గురుత్వకేంద్రము 30 సెంటీమీటరులు దిగినదనుకొన్నచో వెలువడు శక్తి 110 × 9.8 × 0.3, అనగా సుమారు 320 జౌలులు. ఇది మొదటిదానిలో ముప్పదవ వంతు మాత్రమే. బండి ఎంత వేగముగా పోవుచున్నను ఈ రెండవ శక్తి మారదు. లెగ్‌గార్డు ఓర్చుకొనగలది ఈ చిన్న శక్తిని మాత్రమే.

లెగ్‌గార్డు చేయు పని

మన ప్రాంతమున కోతల కాలములో ఉలవకట్టెను, రాగికంకులను నూర్పిడికై రోడ్డుమీద పరచుట కలదు. వానిపై చక్రము జారినచో బండి ప్రక్కకు పడును. అప్పుడు గార్డు బండికిని నేలకును నడుమ కొంత ఎడము నిలుపును. పాదము ఇంజనుక్రింద నలుగకుండ పోవచ్చును. ఇంజను మూత పగులదు. ముందుకు పోవు శక్తి మాత్రము అట్లే యుండును. అది బండి నేలను రాచుకొనుచు జారుటలో ఖర్చు కావలెను. ఘర్షణ గుణకము 0.4 అనుకొన్నచో 40 కిలోమీటరుల వేగమున పడిన బండి సుమారు 16 మీటరులు జారి గాని ఆగదు. ఆ దారిలో రాయి గాని, ఎదురుగా లారీ గాని యున్నచో గార్డు చేయగలది స్వల్పము.

ఈ విషయమును పరిశోధనయు తెలిపినది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హారీ హర్ట్ బృందము లాస్ ఏంజెలిస్ ప్రాంతమున 900 మోటారుసైకిలు ప్రమాదములను స్థలమునకే పోయి పరిశీలించి, 1981లో నివేదిక వెలువరించినది. గార్డున్న బండ్లమీద పాదమునకు, చీలమండకు గాయములు తగ్గినవి గాని, మోకాలికిని తొడకును ఆ మేరకు పెరిగినవని వారు కనుగొనిరి. కావున దానిని సంపూర్ణ రక్షణగా భావింపరాదు.

అయినను బిగింపదలచినవారు కొన్ని సంగతులు గమనింపవలెను. ఆ నమూనా బండికై చేసిన గార్డునే తీసికొని, ఇంజనును చట్రమునకు పట్టించు గట్టి బోల్టులకే బిగింపవలెను. ముందు ఫోర్కు పూర్తిగా క్రుంగినప్పుడును, హ్యాండిలు రెండువైపులకు త్రిప్పినప్పుడును చక్రము గార్డును తాకరాదు. అతుకులవద్ద త్రుప్పును చూడవలెను. ఒకసారి వంగిన గొట్టమును చల్లగానే సాగగొట్టి మరల వాడరాదు. వంగినచోట లోహము పెళుసెక్కును. గార్డు ప్రక్కలకు మరీ ఎక్కువగా పొడుచుకొని వచ్చినచో మలుపులో నేలను తాకి బండినే త్రిప్పివేయును. వాహనములకు అనధికారముగా బిగించు క్రాష్‌గార్డులపై చర్య తీసికొనవలసినదిగా 2017 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు వ్రాసినది. కనుక ముందుగా రవాణా కార్యాలయమున విచారించుట మంచిది.

తల సంగతి

బండిమీద కూర్చున్నవాని తల నేలకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున నుండును. నిలిచియున్న బండినుండి పడినను ఆ తల నేలను తాకునప్పటికి వేగము సెకనుకు 5.4 మీటరులగును. ఈ వేగము ఎంత దూరములో ఆగునన్నదే ముఖ్యము. వట్టి తల 3 మిల్లీమీటరులలో ఆగినచో మందనము గురుత్వత్వరణమునకు సుమారు 500 రెట్లు. హెల్మెట్‌లోని నురుగు పొర 2 సెంటీమీటరులు నలిగి ఆపినచో సుమారు 75 రెట్లు. పైనున్న గట్టి చిప్ప దెబ్బను విశాలముగా పంచును. లోని నురుగు తాను నలిగి తలను కాపాడును. నలిగిన నురుగు మరల లేవదు. అందుచే ఒక ప్రమాదమునకు గురియైన హెల్మెట్‌ను వాడరాదు. చరిత్ర తెలియని పాత హెల్మెట్‌ను కొనరాదు.

1935లో ఇంగ్లండులో టి. ఇ. లారెన్సు మోటారుసైకిలు ప్రమాదమున తలకు దెబ్బ తగిలి మరణించెను. ఆయనను చూచిన వైద్యులలో ఒకడైన మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ అటుపై ఇట్టి గాయములను పరిశీలించి, శిరస్త్రాణపు ఆవశ్యకతను గూర్చి 1941లో వ్యాసము ప్రకటించెను. అనేక దేశముల పరిశీలనలను కూర్చి 2008లో వెలువరించిన సమీక్ష ప్రకారము హెల్మెట్ వలన మరణావకాశము సుమారు 42 శాతము, తలగాయపు అవకాశము సుమారు 69 శాతము తగ్గును.

సొమ్ము వెచ్చించు క్రమము

మొదట హెల్మెట్. మన దేశమున 2021 జూన్ 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు గలవానినే అమ్మవలెను. సామాన్యమైనది సుమారు వేయి రూపాయలకే దొరకును. చట్టము ప్రకారము వెనుక కూర్చున్నవారును, నాలుగేండ్లు దాటిన పిల్లలును ధరింపవలసినదే. గడ్డముక్రింది పట్టీ బిగింపనిచో హెల్మెట్ తలకు ముందే నేల చేరును.

రెండవది బ్రేకులు, టైర్లు. 2019 నుండి క్రొత్త బండ్లకు తప్పనిసరియైన ఏ.బి.ఎస్. లేక జంట బ్రేకు ఏర్పాటు పాతవానికి సాధారణముగా లేదు. కావున అరిగిన బ్రేకు షూలను, నునుపెక్కిన టైరును మార్పించుట మేలు. ఢీకొనుటకు ముందు తగ్గిన ప్రతి కిలోమీటరు వేగము గతిజశక్తిని తగ్గించును.

మూడవది హెడ్‌లైటు. 2017 ఏప్రిల్ నుండి వచ్చిన బండ్లకు అది పగటిపూటను వెలుగును. పాత బండికి చేతితో వేసికొనినచో ఖర్చేమియు లేదు. ఎదుటివారికి మనము ముందుగా కనబడుదుము.

లెగ్‌గార్డు వంతు వీని తరువాతనే.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయించవచ్చును. రెండు కోడిగ్రుడ్లను ఒకే ఎత్తునుండి, ఒకదానిని బండపైకి, మరియొకదానిని మందమైన మెత్తని స్పాంజిపైకి విడువుడు. ఎత్తును క్రమముగా పెంచుచు, ఏది ఎచ్చట పగిలినదో పట్టికలో వ్రాయించుడు. నేలను తాకు వేగము రెండింటికిని ఒక్కటే. ఆగిన దూరము మాత్రమే వేరు. ఆ పట్టికను విద్యార్థులు ఇంటికి తీసికొనిపోయి, బండి తోలు పెద్దలకు చూపుట మంచిది.