గల్ఫ్ వలస అనుమతి (గోదావరి జిల్లాలు)

వలస అనుమతి అనగా, పదవ తరగతి ఉత్తీర్ణులు కాని భారత పౌరులు కొన్ని నిర్ణీత దేశాలకు ఉద్యోగం కొరకు వెళ్ళేముందు స్వదేశ ప్రభుత్వం నుండి పొందవలసిన అనుమతి. దీనికి ఆధారం 1983 నాటి వలసల చట్టం. కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుండి ఇంటిపని కొరకు కువైట్ మొదలైన దేశాలకు వెళ్ళే స్త్రీల విషయంలో దీనికి ప్రాముఖ్యం ఎక్కువ. వీసా వేరు, వలస అనుమతి వేరు. వీసా ఇచ్చేది వెళ్ళబోయే దేశం, వలస అనుమతి ఇచ్చేది స్వదేశం. మొదటిది చేతికి రాగానే రెండవదాని సంగతి మరచిపోవడం వల్ల కలిగిన కష్టాలు అనేకం.

నేపథ్యం

గోదావరి తీరానికి సముద్రాంతర వలస కొత్త కాదు. బ్రిటిషు పాలనలో కోరంగి, కాకినాడ రేవుల నుండి వేలాదిమంది కూలీలు రంగూను వెళ్ళారు. బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అన్న పేరు అలా వచ్చినదే. 1937లో బర్మా భారతదేశం నుండి వేరుపడిన తరువాత, ఈ రాకపోకలను అదుపు చేయడానికి 1941లో ఇరు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరినది. ఇంతలో యుద్ధం ముంచుకొచ్చినది. 1970వ దశకంలో చమురు ధరలు పెరిగాక వలస గల్ఫ్ దేశాల వైపు మళ్ళినది. డెల్టా నుండి వెళ్ళినవారిలో ఇంటిపని చేసే స్త్రీలు పెద్ద సంఖ్యలో ఉండడం ఈ వలస ప్రత్యేకత.

చట్టం

చట్టంలోని 10వ సెక్షను ప్రకారం నమోదు పత్రం లేనివారు విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చరాదు. గ్రామాలలో తిరిగే ఉపఏజెంట్లకు ఈ పత్రం సాధారణంగా ఉండదు. 22వ సెక్షను ప్రకారం వలస సంరక్షకుని అనుమతి లేకుండా ఉద్యోగానికి దేశం విడిచి వెళ్ళరాదు. ఈ నిబంధన వర్తించేవారి పాస్‌పోర్టుపై 'ఈ.సీ.ఆర్.' అని ఉంటుంది. కువైట్, సౌదీ అరేబియా, ఒమన్, ఖతార్, బహ్రెయిన్, యు.ఏ.ఈ.లతో సహా 18 దేశాలకు ఇది అవసరం. అనుమతితో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద 10 లక్షల రూపాయల బీమా లభిస్తుంది. 2014 నుండి ఈ వ్యవహారం 'ఇ-మైగ్రేట్' ద్వారా జరుగుతున్నది.

పదవ తరగతి ఉత్తీర్ణులకు ఈ అనుమతి అక్కరలేదు. చదువుకున్నవారు తమను తాము కాపాడుకోగలరని చట్టం భావన. అయితే పదవ తరగతి ధ్రువపత్రం ఉన్నంతమాత్రాన అరబ్బీలో రాసిన ఒప్పందం అర్థమవుతుందని చెప్పలేము.

స్త్రీలకు ప్రత్యేక నిబంధనలు

ఈ.సీ.ఆర్. పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే స్త్రీలకు కనీస వయస్సు 30 సంవత్సరాలు. 2016 నుండి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం వచ్చినది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని చేసే సంస్థ 'ఓంక్యాప్'.

రక్షణ కొరకు పెట్టిన ఈ నియమాలకు ఎదురుఫలితం కూడా ఉన్నది. సందర్శక వీసాకు వలస అనుమతి అవసరం లేదు కాబట్టి, 30 ఏళ్ళు నిండని స్త్రీలను ఏజెంట్లు ఆ వీసాపై దుబాయి లేదా మస్కట్ చేర్చి, అక్కడి నుండి ఇళ్ళలో పనికి పెడుతుంటారు. ఇలా వెళ్ళిన స్త్రీకి రాయబార కార్యాలయం ధ్రువీకరించిన ఒప్పందం గాని, బీమా గాని ఉండవు. జీతం ఎగవేసినా ఎంతకు కుదిరినదో రుజువు చేయడం కష్టం.

కువైట్ వీసాలు

కువైట్‌లో ఇంటిపనివారికి ఇచ్చేది 20వ నంబరు వీసా. దీనిని 'ఖాదిమ్ వీసా' అంటారు. ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు 18వ నంబరు. నివాస అనుమతిని 'అకామా' అని, పూచీదారైన యజమానిని 'కఫీల్' అని వ్యవహరిస్తారు. 20వ నంబరుపై వచ్చినవారు మరొకచోట పనిచేయడం నేరం. ఏజెంట్లు అమ్మే 'ఆజాద్ వీసా' ఏ చట్టంలోను లేదు. అది ఒక కఫీల్ పేర తీసుకుని బయట పనిచేసుకోమని చెప్పే వీసా మాత్రమే. ఆ కఫీల్ పరారీ ఫిర్యాదు చేస్తే కార్మికురాలు చట్టవిరుద్ధ నివాసి అవుతుంది. తెలుగు కార్మికుల వాడుకలో ఇటువంటివారు 'ఖల్లివల్లి'.

2015లో కువైట్ చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారాంతపు సెలవు, రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, సంవత్సరానికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు కల్పించినది. యజమాని పాస్‌పోర్టు దాచుకోవడాన్ని నిషేధించినది. కనీస వేతనం 60 దీనార్లుగా 2016లో నిర్ణయించారు. తలుపు మూసిన ఇంటిలో వీటి అమలును తనిఖీ చేయడం తేలిక కాదు. 2024 జూలై, సెప్టెంబరు మధ్య కొంతకాలం 20 నుండి 18కి మారే వీలు కల్పించారు. 1959 నాటి నివాస చట్టం స్థానంలో కొత్త చట్టం 2025 జనవరిలో అమలులోకి వచ్చినది.

క్షమాభిక్ష

అకామా లేనివారు జరిమానా లేకుండా స్వదేశం వెళ్ళడానికి కువైట్ 2018, 2020, 2024 సంవత్సరాలలో క్షమాభిక్ష ప్రకటించినది. 2024లో మార్చి 17న మొదలైన గడువు జూన్ 30 వరకు సాగినది. పాస్‌పోర్టు కఫీల్ వద్ద చిక్కుకున్నవారికి భారత రాయబార కార్యాలయం అత్యవసర ప్రయాణపత్రం ఇస్తుంది. దీనినే 'ఔట్‌పాస్' అంటారు. దీని కొరకు పాత పాస్‌పోర్టు నకలు ఎంతో ఉపకరిస్తుంది. కాబట్టి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఒక జత ఇంటివద్ద ఉంచి వెళ్ళడం అవసరం. కుటుంబసభ్యులు విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన 'మదద్' ద్వారా ఫిర్యాదు చేసేటప్పుడు కూడా ఇవే పనికివస్తాయి.