జాదోర్ (పరిమళ ద్రవ్యం)

జాదోర్ ఫ్రాన్సు దేశపు క్రిస్టియన్ డియోర్ సంస్థ 1999లో విడుదల చేసిన స్త్రీల పరిమళ ద్రవ్యం (పెర్ఫ్యూమ్). దీనిని సృష్టించినది కాలిస్ బెకర్ అనే పరిమళ నిర్మాత్రి. పూల వాసనకు పండ్ల వాసనను జోడించిన "ఫల పుష్ప" వర్గానికి దీనిని ప్రసిద్ధమైన ఉదాహరణగా పేర్కొంటారు. ప్రపంచంలో విరివిగా అమ్ముడయిన స్త్రీల పరిమళాలలో ఇది ఒకటి. అయినప్పటికీ దీని వాసన గురించి ఏకాభిప్రాయం లేదు. కొందరికి ఇది తాజా పూలగుత్తి, కొందరికి పండిన పండు, మరికొందరికి తలస్నానపు షాంపూ. ఒకే సీసాలోని ద్రవం ఇన్ని విధాలుగా తోచడానికి గల కారణాలు ఘ్రాణ శాస్త్రంలో ఆసక్తికరమైన అంశాలు.

పేరు, చరిత్ర

"జాదోర్" అనగా ఫ్రెంచి భాషలో "నాకు ఎంతో ఇష్టం" లేదా "ఆరాధిస్తున్నాను" అని అర్థం. ఈ పరిమళం వెలువడిన కాలంలో డియోర్ సంస్థ వస్త్ర రూపకల్పన విభాగానికి జాన్ గలియానో సారథ్యం వహిస్తున్నాడు. కాలిస్ బెకర్ దీనికి ముందే, 1996లో, టామీ గర్ల్ అనే పరిమళంతో పేరు పొందినది.

పూలతో పండ్లను కలపడం జాదోర్‌తో మొదలు కాలేదు. 1919లో జాక్ గెర్లాన్ సృష్టించిన మిత్సుకో పరిమళంలో పీచ్ పండు వాసననిచ్చే గామా అండెకాలాక్టోన్ అనే కృత్రిమ పదార్థం ఉన్నది. 1986లో సోఫియా గ్రోయ్స్‌మన్ రూపొందించిన కాలిక్స్ పరిమళంలో పండ్ల వాసన ప్రముఖ స్థానం పొందినది. 1990 దశకం చివర నుండి ఈ వర్గం విస్తృతంగా వ్యాపించినది. ఆ వ్యాప్తికి దోహదం చేసిన పరిమళాలలో జాదోర్ ఒకటి.

సీసా, ప్రచారం

జాదోర్ సీసాను హెర్వే వాన్ డెర్ స్ట్రాటెన్ రూపొందించాడు. ఇది ప్రాచీన గ్రీకుల ఆంఫోరా కూజాను పోలి ఉంటుంది. మెడ చుట్టూ వరుసగా ఉన్న బంగారు రంగు వలయాలు ఆఫ్రికా ఖండపు మసాయి స్త్రీల కంఠాభరణాలను తలపిస్తాయి. తొలి ప్రకటనలలో ఎస్టోనియాకు చెందిన మోడల్ కార్మెన్ కాస్ కనిపించినది. 2004 నుండి నటి చార్లిజ్ థెరాన్ దీర్ఘకాలం ప్రచారకర్తగా వ్యవహరించినది. వర్సాయి రాజప్రాసాదంలోని అద్దాల మందిరం నేపథ్యంగా జాన్ జాక్ అన్నో దర్శకత్వంలో 2011లో వచ్చిన ప్రకటన ప్రసిద్ధి చెందినది. 2024లో గాయని రిహానా ప్రచారకర్తగా వచ్చినది.

ఈ ప్రకటనలన్నింటిలో బంగారం, వెలుగు, వైభవం ప్రధానమైనవి. వాసనను తెరపై చూపడం సాధ్యం కాదు గనుక, పరిమళాన్ని ఎలా ఊహించుకోవాలో ప్రకటనే ముందుగా సూచిస్తుంది.

పరిమళ నిర్మాణం

పరిమళ ద్రవ్యాల వర్ణనలో మూడు అంచెలను పేర్కొనడం ఆనవాయితీ. త్వరగా ఆవిరి అయ్యే పదార్థాలు పై అంచెగా, కొన్ని గంటలు నిలిచేవి నడిమి అంచెగా, చర్మంపై చివరి వరకు మిగిలేవి అడుగు అంచెగా వ్యవహరించబడతాయి. జాదోర్ విషయంలో సాధారణంగా చెప్పబడే వాసనలు ఇవి:

* పై అంచె: బేరి పండు, పీచ్, పుచ్చజాతి పండు, కమలా, బెర్గమాట్ నిమ్మ
* నడిమి అంచె: మల్లె, జాజి, గులాబీ, ఇలాంగ్ ఇలాంగ్, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ, నేల సంపెంగ, వయొలెట్
* అడుగు అంచె: కస్తూరిని పోలిన మస్క్ పదార్థాలు, వెనిల్లా, దేవదారు వంటి కొయ్య

ఇది వంటకంలో వేసిన దినుసుల పట్టిక వంటిది కాదు. బేరి, పీచ్ వంటి పండ్ల నుండి పరిమళానికి పనికివచ్చే తైలాన్ని తీయడం సాధ్యం కాదు. ఆ వాసనలను ఎస్టర్లు, లాక్టోన్లు మొదలైన రసాయనాలతో కల్పిస్తారు. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ పూల నుండి కూడా తైలం లభించదు. కాబట్టి పై పట్టిక సీసాలో ఏమున్నదో కాక, వాసన చూసినవారికి ఏమి స్ఫురించాలో తెలుపుతుంది.

పువ్వు, పండు అనే విభజన కూడా రసాయన స్థాయిలో కచ్చితమైనది కాదు. జాజి పరిమళంలో అధికంగా ఉండే బెంజైల్ ఎసిటేట్ విడిగా వాసన చూస్తే అరటిపండును, బేరిపండును గుర్తుకు తెస్తుంది. గులాబీ తైలంలో అతి స్వల్పంగా ఉండే డమాసెనోన్ ఒకేసారి గులాబీ వలెను, ఉడికిన ఆపిల్ వలెను ఉంటుంది. అందువలన ఒకరు "పూలు" అని, మరొకరు "పండ్లు" అని చెప్పినపుడు ఇద్దరూ ఒకే అణువును ఉద్దేశించి ఉండవచ్చు.

భిన్నాభిప్రాయాలు

జాదోర్‌ను మెచ్చుకొనేవారు దానిని ప్రకాశవంతమైన, స్త్రీత్వం ఉట్టిపడే, ఏ సందర్భానికైనా తగిన పరిమళంగా వర్ణిస్తారు. ఏ ఒక్క పువ్వూ ప్రత్యేకంగా బయటపడకుండా అన్నీ కలిసి కొత్త పువ్వు ఒకటి పూసినట్లు ఉండడం దీని గొప్పతనమని వారి అభిప్రాయం. డియోర్ సంస్థ కూడా దీనిని పూలగుత్తిగానే వర్ణిస్తుంది.

విమర్శించేవారి మాటలలో తరచుగా మూడు అభ్యంతరాలు కనిపిస్తాయి. మొదటిది, ఇది షాంపూను లేదా సబ్బును తలపిస్తుందని. రెండవది, తొలి నిమిషాలలోని పండ్ల వాసన మరీ తీపిగానో, పదునుగానో ఉంటుందని. మూడవది, ఎంతోమంది వాడడం వలన దీనిలో ప్రత్యేకత మిగలలేదని. వీటిలో మూడవది వాసనకు సంబంధించినది కాదు, సమాజానికి సంబంధించినది.

షాంపూ పోలికకు చారిత్రక కారణం ఉన్నది. ఖరీదైన పరిమళాలలో ఆదరణ పొందిన వాసనలు కొంతకాలానికి సబ్బులు, షాంపూలు, బట్టల పొడులలోకి ప్రవేశించడం ఈ పరిశ్రమలో పరిపాటి. ఫల పుష్ప వాసనలకు కూడా అదే జరిగినది. 1999లో దీనిని మొదటిసారి చూసినవారికి, అటువంటి వాసనల షాంపూలతో పెరిగినవారికి ఒకే అభిప్రాయం కలగకపోవడం సహజం.

భేదాలకు కారణాలు

ఘ్రాణ గ్రాహకాలు: మానవుని ముక్కులో వాసనను గుర్తించే గ్రాహకాలు సుమారు 400 రకాలు పనిచేస్తాయి. ఈ గ్రాహకాల జన్యు కుటుంబాన్ని 1991లో కనుగొన్నందుకు లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించినది. ఈ జన్యువులు వ్యక్తికీ వ్యక్తికీ భిన్నంగా ఉంటాయి. వయొలెట్ పూల వాసనకు కారణమైన బీటా అయొనోన్‌ను కొందరు బాగా గుర్తించగలరు, మరికొందరు గుర్తించలేరు. ఈ భేదానికి ప్రధానంగా ఓఆర్5ఎ1 అనే ఒక్క జన్యువులోని మార్పు కారణమని 2013లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. బాగా గుర్తించగలవారికి ఇది పూల వాసనగా తోచగా, ఇతరులకు పులుపుగా, ఘాటుగా తోచవచ్చును. పరిమళాలలో విరివిగా వాడే గాలక్సోలైడ్ అనే మస్క్ కొందరికి దాదాపు తెలియనే తెలియదు. దీనికి సంబంధించిన గ్రాహకాన్ని 2022లో గుర్తించారు. మస్క్ తెలియనివారికి పరిమళం అడుగు లేని పాత్ర వలె త్వరగా ముగిసిపోయినట్లు అనిపిస్తుంది.

మోతాదు: కొన్ని పదార్థాల స్వభావం పరిమాణాన్ని బట్టి మారుతుంది. జాజి, మల్లెలలో సహజంగా ఉండే ఇండోల్ స్వల్పంగా ఉన్నపుడు పూలకు నిండుదనాన్ని ఇస్తుంది. ఎక్కువైతే కలరా ఉండలను, మలాన్ని గుర్తుకు తెస్తుంది. ఒక్కసారి చిలకరించుకున్నవారికి, అయిదారుసార్లు చిలకరించుకున్నవారి పక్కన కూర్చున్నవారికి ఒకే అనుభవం కలుగదు.

కాలం: అంగడిలో కాగితపు పట్టీపై వాసన చూసేవారికి ముందుగా అందేది పై అంచె, అనగా పండ్లు. రెండు మూడు గంటల తరువాత మిగిలేవి పూలు, మస్క్. పండ్ల వాసన ఎక్కువన్న వ్యక్తి, పూల వాసన ఎక్కువన్న వ్యక్తి వేర్వేరు సమయాలలో వాసన చూసి ఉండవచ్చును. పైగా ముక్కు ఒకే వాసనకు త్వరగా అలవాటుపడుతుంది. ధరించిన వ్యక్తి తన పరిమళం పోయినదనుకొంటున్నపుడే ఇతరులకు అది స్పష్టంగా తెలుస్తుంటుంది.

చర్మం, వాతావరణం: వేడికి పరిమళం త్వరగా ఆవిరి అవుతుంది, పొడి చర్మంపై తక్కువసేపు నిలుస్తుంది. పారిస్ చలికాలంలో సౌమ్యంగా ఉన్న పరిమళం విజయవాడ వేసవిలో ఒక్కసారిగా విజృంభించి, అంతలోనే సన్నగిల్లవచ్చును.

పేరు, జ్ఞాపకం: వాసనకు తగిలించిన పేరు కూడా అనుభవాన్ని మారుస్తుంది. 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఐసోవాలెరిక్ ఆమ్లపు వాసననే కొన్నిసార్లు "చెడర్ జున్ను" అని, కొన్నిసార్లు "శరీర దుర్వాసన" అని చెప్పి చూపించారు. జున్ను అన్నపుడు అదే వాసన పాల్గొన్నవారికి ఎక్కువ ఆహ్లాదకరంగా తోచినది, మెదడులో స్పందన కూడా మారినది. బంగారు వలయాల సీసాను చూసి వాసన చూసేవారికి, సీసా చూడకుండా వాసన చూసేవారికి భేదం ఉండడానికి ఇది ఒక కారణం. తల్లి వాడిన పరిమళమో, ఇష్టం లేని అధికారి వాడిన పరిమళమో అయితే ఆ జ్ఞాపకమే తీర్పు చెబుతుంది.

నియంత్రణలు, కూర్పులో మార్పులు

ఒక పరిమళం పేరు మారకపోయినా కూర్పు మారవచ్చును. అంతర్జాతీయ పరిమళ ద్రవ్యాల సంఘం (1973లో స్థాపితం) కొన్ని పదార్థాల వాడకానికి పరిమితులు విధిస్తుంది. ఐరోపా సమాఖ్య 2003 నాటి ఆదేశంతో ఎలర్జీ కలిగించగల 26 పరిమళ పదార్థాలను అట్టపెట్టెపై పేర్కొనడం తప్పనిసరి చేసినది. 2023లో ఈ జాబితాను 80కి పైగా విస్తరించారు. లిల్లీ ఆఫ్ ద వ్యాలీ వాసన కొరకు అనేక పుష్ప పరిమళాలలో వాడిన లైరాల్ చర్మానికి ఎలర్జీ కలిగిస్తున్నందున 2021 ఆగస్టు నాటికి ఐరోపా సమాఖ్య విపణి నుండి పూర్తిగా తొలగించబడినది. అదే విధంగా వాడిన లిలియాల్ సంతానోత్పత్తికి హానికరమని వర్గీకరించబడి 2022 మార్చి 1 నుండి నిషేధించబడినది.

ఈ కారణంగా పాత పుష్ప పరిమళాల అభిమానులు "మునుపటిలా లేదు" అనడం ప్రతిసారీ భ్రమ కాకపోవచ్చును. అయితే పాత సీసాలోని ద్రవం కూడా వెలుతురు, వేడి, గాలి తగిలి మారుతుంది. పై అంచెలోని నిమ్మజాతి వాసనలు ముందుగా చెడతాయి. అందువలన ఇరవై ఏళ్ళ నాటి సీసాతో కొత్త సీసాను పోల్చి కూర్పు మారినదని నిర్ధారించడం కష్టం.

తెలుగువారికి పరిచితమైన పూలతో పోలిక

ఇటువంటి పరిమళాలలో ముఖ్యమైన పూలలో రెండు తెలుగువారి పెరటి పూలే. మల్లె, జాజి భారతదేశంలో, విశేషించి తమిళనాడులో, పరిమళ పరిశ్రమ కొరకు కూడా పండించబడతాయి. మదురై మల్లెకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇలాంగ్ ఇలాంగ్ సీతాఫలం కుటుంబానికి చెందిన చెట్టు. దీనిని కొమొరోస్, మడగాస్కర్ ద్వీపాలలో పరిమళ తైలం కొరకు సాగు చేస్తారు. మనోరంజితం కూడా ఇదే కుటుంబానికి చెందినది.

మల్లెపూలు తలలో పెట్టుకొనే అలవాటున్నవారు పాశ్చాత్య పరిమళాలలోని "మల్లె"ను నిజమైన పువ్వుతో పోల్చి చూస్తారు. పువ్వులోని నిండైన ఇండోల్ వాసనకు అలవాటుపడినవారికి, దానిని తగ్గించి పండ్ల వాసనతో తేలికపరచిన మల్లె పలుచగా అనిపించవచ్చును. అటువంటి పూలతో పరిచయం లేనివారికి అదే మల్లె చాలినంత గాఢంగా ఉండవచ్చును.

మనోరంజితం పువ్వును చేతిలో పట్టుకొని ఏ పండును తలచుకొంటే ఆ పండు వాసన వస్తుందని దక్షిణ భారతంలో ఒక నమ్మకం ఉన్నది. పువ్వు వాసనను మనసు మార్చలేదు గాని, వాసనపై మనసుకు గల అధికారాన్ని ఈ నమ్మకం చక్కగా సూచిస్తుంది.

రూపాంతరాలు

1999లో వెలువడినది ఓ ద పర్ఫ్యూమ్ రూపం. సాధారణంగా ఈ రూపంలో పరిమళ పదార్థాలు 15 నుండి 20 శాతం వరకు ఉంటాయి. తరువాత వచ్చిన వాటిలో కొన్ని:

* 2002 - ఓ ద తువాలెత్ (తేలికైన రూపం)
* 2010 - లోర్
* 2020 - ఇన్ఫినిసీమ్ (ఫ్రాన్స్వా డెమాషీ సృష్టి)
* 2022 - పర్ఫ్యూమ్ డో (ఆల్కహాలు లేకుండా నీటితో చేసినది)
* 2023 - లోర్ ద జాదోర్ (ఫ్రాన్సిస్ కుర్క్‌జాన్ సృష్టి)

ఇవన్నీ ఒకే కుటుంబ నామంతో ఉన్నప్పటికీ వాసనలో సమానం కావు. "జాదోర్ నాకు నచ్చలేదు" అన్నవారు ఏ రూపాన్ని చూశారన్నది అభిప్రాయ భేదాలలో తరచుగా మరుగున పడే విషయం.

ఎంపికలో గమనించవలసినవి

పై కారణాలను బట్టి, ఇతరుల వర్ణన ఆధారంగా పరిమళాన్ని కొనడంలో పరిమితి ఉన్నదని తెలుస్తుంది. కాగితంపై కాక చర్మంపై కొద్దిగా రాసుకొని, కనీసం రెండు మూడు గంటలు గడచిన తరువాత నిర్ణయించడం మేలు. ఒకేసారి నాలుగైదు పరిమళాలు చూస్తే ముక్కు అలసిపోతుంది. చర్మ సమస్యలు ఉన్నవారు అట్టపెట్టెపై గల పదార్థాల జాబితాను చదవడం అవసరం. బహుమతిగా ఇచ్చేటపుడు ఇచ్చేవారి ముక్కుకు ఆనినది పుచ్చుకొనేవారి ముక్కుకు ఆనకపోవచ్చునని గుర్తుంచుకోవాలి. ఇందులో ఎవరి అభిరుచీ తప్పు కాదు.

ఇవి కూడా చూడండి

* అత్తరు
* మల్లె
* జాజి
* సంపెంగ
* పన్నీరు
* ముక్కు