తీటా, బీటా లెక్క తేల్చలేని పరధ్యానం

నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ, తరగతిలో బల్లలెక్కి దూకే అబ్బాయి మీద ఫిర్యాదు ఆ సాయంత్రానికే ఇంటికి చేరుతుంది. నోరు మెదపకుండా కూర్చుని, సగం పాఠం చెవినపడని ఎనిమిదో తరగతి అమ్మాయి గురించి మాత్రం ఎవరూ కబురు పంపరు. ధ్యాస నిలవని రుగ్మత ఏడీహెచ్‌డీ ఆడపిల్లల్లో తరచుగా ఇలాగే ఉంటుంది: మరుపు, పరాకు, పని మధ్యలో వదిలేయడం. గోల లేదు కాబట్టి గుర్తింపూ లేదు. తలకు తీగలు పెట్టి, మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ తీస్తే విషయం తేలిపోతుంది కదా అని తల్లిదండ్రులకు అనిపించడం సహజమే. కానీ ఆ కాగితం అంత పని చేయలేదు.

మనిషి మెదడు విద్యుత్తును హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి నమోదు చేశారు. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే తరంగాలు తీటా, 13 నుంచి 30 సార్లు ఊగేవి బీటా. ఏడీహెచ్‌డీ పిల్లల్లో బీటాతో పోలిస్తే తీటా ఎక్కువని పాత అధ్యయనాలు చెప్పాయి. వాటిలో పాల్గొన్నవారిలో ఎక్కువమంది మగపిల్లలే. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 6-17 ఏళ్లవారికి ఈ తీటా, బీటా నిష్పత్తిని కొలిచే పరికరాన్ని అనుమతించింది, అదీ డాక్టరు పరీక్షకు తోడుగా మాత్రమే. అదే ఏడాది పాత, కొత్త అధ్యయనాలను కలిపి చూస్తే తేడా ఏటికేడు తగ్గుతోందని బయటపడింది. 2016లో అమెరికా నాడీవైద్యుల అకాడమీ, పరిశోధనకు తప్ప రోగ నిర్ధారణకు ఈ లెక్క వాడొద్దంది. కునుకు పట్టినా తీటా పెరుగుతుంది, వయసుతో తగ్గుతుంది. టెన్త్ పరీక్షలకని తెల్లవారుజామున లేచి చదివే పిల్ల తీటాలో జబ్బు ఎంత, నిద్రలేమి ఎంత? పైగా సగటు వేరు, మనిషి వేరు. మగవాళ్లు సగటున పొడగరులే. అయినా ఎత్తొక్కటే చెబితే ఆడో మగో చెప్పలేం.

అయితే ఈఈజీయే వద్దా అంటే, కావాలి, వేరే ప్రశ్నకు. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు గుడ్లప్పగించి ఆగిపోయి, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలెట్టే పిల్లలుంటారు. అది పరధ్యానం కాదు, ఒక రకం మూర్ఛ కావచ్చు. దాన్ని ఈఈజీ చక్కగా పట్టిస్తుంది, దానికి మందులున్నాయి. ఆ అనుమానమున్న పిల్లకు ఈ పరీక్ష ఆలస్యం చేయకూడదు.

ఏడీహెచ్‌డీని తేల్చేది ఓపికగా విన్న చరిత్రే: పరాకు లక్షణాలు తొమ్మిదిలో కనీసం ఆరు, పన్నెండేళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ ఉండాలి. పదిహేడేళ్లు నిండితే ఐదు చాలు. చూపు, వినికిడి, థైరాయిడ్, రక్తం కూడా చూడాలి. దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇనుము తక్కువైనా ధ్యాస నిలవదు. రేపు పెళ్లికి అడ్డమని పిల్లకు జబ్బు పేరు పెట్టించడానికి భయపడే తల్లులున్నారు. ఆ భయం నిజమే. కానీ ‘మొద్దు’, ‘సోమరి’ అన్న పేర్లు ఆ పిల్లకు ఇప్పటికే పెట్టారు, వాటికి చికిత్స లేదు. బడి పిల్లలను పరీక్షించేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పళ్లు, కళ్లతోపాటు ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆ కార్యక్రమం వైద్య బృందం బడికొచ్చిన రోజు, మార్కులు పడిపోతున్న నిశ్శబ్దపు అమ్మాయిల పేర్లు టీచర్లే ముందు చెప్పాలి.