చెరువుగట్టు చేరిన నీటిపిల్లి: అభయారణ్యం వెలుపల సంరక్షణ

రావులపాలెం: ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలిన గోదావరిలో గౌతమి పాయ రావులపాలెం, జొన్నాడల మధ్య జాతీయ రహదారి వంతెన కిందుగా సాగి, యానాం మీదుగా సముద్రాన్ని చేరుతుంది. ఈ నది తెచ్చే మంచినీరు సముద్రపు ఉప్పునీటితో కలిసే చోట పెరిగినవే కోరింగ మడ అడవులు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఈ ప్రాంతాన్ని రాష్ట్ర ప్రభుత్వం 1978లో అభయారణ్యంగా ప్రకటించింది.

ఇచ్చట ఆశ్రయం పొందుతున్న అరుదైన జీవులలో నీటిపిల్లి ముఖ్యమైనది. దీనిని బావురుపిల్లి అని కూడా వ్యవహరిస్తారు. 2018లో జరిపిన గణనలో కోరింగలో 115 నీటిపిల్లులు ఉన్నట్లు తేలింది. పెంపుడు పిల్లికి దాదాపు రెట్టింపు పరిమాణంలో ఉండే ఈ జంతువుకు బూడిదవన్నె దేహంపై నల్లని మచ్చలు, పొట్టి తోక, ముందరి పాదాల వేళ్ల మధ్య కొంతమేర పొర ఉంటాయి. చర్మానికి ఆనుకొని ఉన్న దట్టమైన నూగు లోనికి నీరు చేరనివ్వదు. రాత్రివేళ నీటి అంచున కదలక కూర్చుని, చేప పైకి తేలగానే పంజాతో పట్టుకోవడం దీని అలవాటు. పీతలు, పక్షులతో పాటు ఎలుకలను కూడా విరివిగా తింటుంది. వరి పండే డెల్టాలో ఇది రైతుకు చిన్న మేలు కాదు.

అయితే నీటిపిల్లికి అభయారణ్యం సరిహద్దు తెలియదు. తీరంలో మడ అడవులు, తుంగ దుబ్బులు ఉన్న చోట చేపల, రొయ్యల చెరువులు వెలిశాయి. ఆహారం వెదుకుతూ అది చెరువుగట్టుకు చేరుతుంది. రైతుకు కొంత నష్టం కలుగుతున్న మాట వాస్తవమే. మచ్చలను చూసి చిరుతపులి పిల్లగా పొరబడి జనం వెంటాడడం మరొక ప్రమాదం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీటిపిల్లిని పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చింది. దీనిని వేటాడినవారికి మూడు నుండి ఏడు సంవత్సరాల జైలుశిక్ష, 2022 సవరణ అనంతరం రూ. 25,000కు తగ్గని జరిమానా విధిస్తారు. చేపలు నష్టపోవడం దానిని చంపడానికి కారణంగా చట్టం అంగీకరించదు. మరొక జంతువు కోసం పన్నిన ఉచ్చు, గట్టు చుట్టూ లాగిన కరెంటు తీగ కూడా ప్రాణాంతకమే. కరెంటు తీగ మనుషులను సైతం బలిగొంటుంది.

గట్టు వెంబడి వల కట్టడం, రాత్రి కాపలా ఉంచడం, చనిపోయిన చేపలను గట్టుపై వదలక పూడ్చివేయడం రైతులు అనుసరించదగిన పద్ధతులు. బావిలో గానీ వలలో గానీ చిక్కిన జంతువును తామే పట్టుకోజూడక అటవీశాఖ సిబ్బందికి తెలియజేయాలి. పొదలలో పిల్లలు ఒంటరిగా కనిపిస్తే వాటిని తాకరాదు, ఇంటికి తీసుకువెళ్లరాదు. ఆహారానికి వెళ్లిన తల్లి తిరిగి వచ్చేందుకు వీలుగా అక్కడినుండి దూరంగా తొలగిపోవాలి.