బాకీ తీరింది, నోటు మిగిలింది!

పంట అమ్మిన డబ్బుతో అసలూ వడ్డీ కట్టి 'అమ్మయ్య' అనుకున్న రైతు ఇంటికి కొన్ని నెలలకే ప్లీడరు నోటీసు వస్తుంది. పంపినవాడు అప్పిచ్చిన ఆసామి కాదు. రైతు ఏనాడూ పైసా పుచ్చుకోని మూడో మనిషి. 'మీరు రాసిన ప్రోనోటు నాకు బదిలీ అయింది, సొమ్ము చెల్లించండి' అని అందులో ఉంటుంది. పల్లెల్లో ప్రోనోటు తగాదాలలో ఇది పాత కథే.

ఇలా బదిలీ చేయడం చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. 'మీకు గాని, మీ అనుమతి పొందినవారికి గాని చెల్లించగలను' అని నోటులో రాయడం వాడుక. చదవకుండా సంతకం పెట్టే ఆ మాటలోనే కీలకం ఉంది. అప్పిచ్చినవాడు నోటు వెనుక ఫలానావారికి బదిలీ చేసినట్లు రాసి, సంతకం చేసి, నోటు చేతికిస్తే చాలు. అందుకు రైతు సమ్మతి అక్కరలేదు.

'నేను మొదటివానికి కట్టేశాను' అని రైతు కోర్టులో చెప్పవచ్చు. కాని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షను ప్రకారం, నోటు పొందినవాడు సొమ్మిచ్చి సక్రమంగానే పొందాడని కోర్టు మొదట భావిస్తుంది. కాదని రుజువు చేసే భారం రైతు మీద పడుతుంది. నోటి మాటగా కట్టిన డబ్బుకు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

అంగడి ఖాతా బాకీ వంటి వాటికి పద్ధతి వేరు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఆ బాకీ బదిలీ కాగితం మీద జరగాలి. బదిలీ సంగతి తెలియకముందు పాతవానికి కట్టిన డబ్బు చెల్లుతుంది. ఈ రక్షణ ప్రోనోటుకు లేదు.

జాగ్రత్తలు

డబ్బు కట్టేముందు నోటు చూపమని అడగడం, పూర్తిగా కట్టాక నోటు వాపసు తీసుకోవడం రైతు హక్కు. 81వ సెక్షను ఈ మాటే చెబుతున్నది. నోటు పోయిందంటే, మళ్లీ ఎవరైనా అడిగితే నష్టం తనదేనని అప్పిచ్చినవానిచేత పూచీ రాయించుకోవాలి. కొంత మాత్రమే కడితే ఆ చెల్లు నోటు వెనుకనే వేయించాలి. విడి రశీదు నోటుతోపాటు మూడో మనిషి దగ్గరకు వెళ్లదు.

బాధ్యత మాటేమిటి?

హక్కు చేతులు మారినంత తేలికగా బాధ్యత మారదు. కిస్తీలు మిగిలి ఉన్న ట్రాక్టరును అమ్మి, 'మిగతావి కొన్నవాడే కడతాడు' అని ధీమాగా ఉండేవారున్నారు. కొన్నవాడు కట్టకపోతే ఫైనాన్సు కంపెనీ మొదట సంతకం చేసినవానినే పట్టుకుంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షను ప్రకారం పాత ఒప్పందం స్థానంలో కొత్తది రావాలంటే అప్పిచ్చినవారు కూడా ఒప్పుకోవాలి. కొన్నవాడు, అమ్మినవాడు తమలో తాము రాసుకున్న కాగితం కంపెనీని కట్టడి చేయదు.

నోటీసు వస్తే మూలన పడేయకుండా వెంటనే ప్లీడరును కలవాలి. మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, తక్కువ ఆదాయం గలవారికి కోర్టులలోని న్యాయ సేవా సంఘాల ద్వారా ఉచిత సహాయం దొరుకుతుంది. అంతకంటే తేలికైన పని ఒకటుంది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చే చేయి, నోటు అందుకోనిదే వెనక్కు రాకూడదు.