కోఆ లోయ శిలాచిత్రాలు

నదీతీరాలు నాగరికతలకు పుట్టినిళ్లు అనే మాట మనం చిన్ననాటి నుంచి వింటున్నదే. అయితే నాగరికత అనే భావన రూపుదిద్దుకోకముందే, వ్యవసాయం తెలియకముందే, మానవుడు నది ఒడ్డున నిలిచి తాను చూసినదానిని రాతిమీద చెక్కి ఉంచాడు. అటువంటి చెక్కడాలు వేలసంఖ్యలో ఉన్న చోటు ఐరోపా ఖండపు నైరుతి అంచున, పోర్చుగల్ దేశంలో ఉన్నది. అదే కోఆ నదీలోయ. ఆ చెక్కడాలను చూడాలంటే కొండదారిలో నదివైపు నడిచి వెళ్లాలి. అవి ప్రదర్శనశాలలో అద్దాల వెనుక లేవు; చెక్కినవారు ఎక్కడ చెక్కారో అక్కడే ఉన్నాయి. అవి నేటికీ అక్కడే ఉండడానికి కారణం ఒక పెద్ద వివాదం, దాని చివర ఒక దేశం తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయానికి దారితీసిన ఉద్యమంలో మీ వయస్సు విద్యార్థులకు కూడా పాత్ర ఉన్నది.

లోయ, దారి

కోఆ నది స్పెయిన్ సరిహద్దు సమీపంలో, ఫోయోస్ అనే గ్రామం దగ్గరి కొండలలో పుడుతుంది. 130 కిలోమీటర్లకు పైగా దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రవహించి, డౌరో అనే పెద్ద నదిలో కలుస్తుంది. సంగమానికి దగ్గరలో కొండమీద ఉన్న చిన్న పట్టణం పేరు విలా నోవా డి ఫోజ్ కోఆ. పోర్చుగీసు భాషలో ‘ఫోజ్’ అంటే నది కలిసే చోటు. నది పుట్టిన చోటు నుంచి ఈ సంగమం వరకు దాదాపు 200 కిలోమీటర్ల పొడవున నడకదారి ఉన్నది.

ఈ దారి వెంట నడిచేవారికి గ్రామీణ పోర్చుగల్ తన సహజరూపంతో కనిపిస్తుంది. సున్నం, మట్టి లేకుండా రాయిమీద రాయి పేర్చి కట్టిన గోడలు, వాటి మధ్య ఆలివు తోటలు, బాదం చెట్లు, కొండవాలుల మీద మెట్లు మెట్లుగా సాగే ద్రాక్షతోటలు ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి మాసాలలో బాదం చెట్లు పూతకు వచ్చి కొండలు తెల్లగా, లేతగులాబి రంగులో మెరుస్తాయి. వేసవిలో అదే లోయ నిప్పులు చెరుగుతుంది. ఎత్తైన రాతి అంచుల మీద రాబందులు గూళ్లు కట్టుకుంటాయి.

పోర్చుగల్‌లో నడకదారులను గుర్తించడానికి రాళ్ల మీద, స్తంభాల మీద రెండేసి అడ్డగీతలు వేస్తారు. దూరప్రయాణపు దారులకు తెలుపు, ఎరుపు గీతలు. చిన్నదారులకు పసుపు, ఎరుపు గీతలు. రెండు గీతలు ఒకదానినొకటి ఖండిస్తూ ఉంటే అది మన దారి కాదని అర్థం. భాష రాని బాటసారి కూడా ఈ గుర్తుల ఆధారంగా నడవగలడు. రాతిమీద గీతగీసి తోటిమనిషికి సంగతి చెప్పే ఈ పద్ధతి ఆ లోయకు కొత్తది కాదు.

శిలల మీద జీవజాలం

కోఆ లోయ దిగువ భాగంలోని రాయి షిస్టు జాతికి చెందినది. ఇది పలకలు పలకలుగా చీలుతుంది. చీలినచోట నిటారుగా, నున్నగా ఉండే రాతిముఖాలు ఏర్పడతాయి. ఇవే ఆదిమానవునికి చిత్రఫలకాలయ్యాయి. పలుగురాయి వంటి గట్టి రాళ్లతో అతడు వీటి మీద జంతువుల ఆకారాలు చెక్కాడు. కొన్నింటిని దగ్గరదగ్గరగా చుక్కలు పొడిచి రూపొందించాడు. కొన్నింటిని వెంట్రుకవాసి గీతలతో గీశాడు. మరికొన్నింటిలో ఒకే గాడిని పదేపదే రాపిడి చేసి లోతుగా మలిచాడు.

ఈ చిత్రాలలో ముఖ్యంగా కనిపించేవి గుర్రాలు, కొండమేకలు, జింకలు, ఆరోక్స్ అనే అడవి ఎద్దులు. నేటి పశువులకు పూర్వజాతి అయిన ఆరోక్స్ ఇప్పుడు లేదు. చివరి జంతువు 1627లో పోలండ్‌లో మరణించినట్లు చరిత్ర చెబుతున్నది. అంతరించిన ఆ మృగం ఈ రాళ్లమీద మాత్రం కొమ్ములు ఎత్తి నిలిచే ఉన్నది. పెనస్కోజా అనే చోట ఒక గుర్రానికి మూడు తలలు కనిపిస్తాయి. అది వింతజంతువు కాదు. గుర్రం తల కదిలించే తీరును చిత్రకారుడు మూడు స్థితులలో చూపించాడు. చలనచిత్రానికి వేల సంవత్సరాల పూర్వమే చలనాన్ని నిశ్చలమైన రాతిలో బంధించాలన్న తపన మానవునిలో ఉన్నదని ఇది తెలుపుతుంది. రిబైరా డి పిస్కోస్ అనే వాగు ఒడ్డున రెండు గుర్రాలు తలలు పెనవేసుకుని ఉన్న చిత్రం ఉన్నది. ఆ వాగు వెంట నడిచి వెళ్తేనే దానిని చూడగలం.

ఈ చెక్కడాలను చూడడానికి వెలుతురు ఎంతో ముఖ్యం. సూర్యకాంతి సూటిగా పడితే గీతలు రాతిలో కలిసిపోతాయి. ఏటవాలుగా పడితే గాడి అంచున నీడ ఏర్పడి, బొమ్మ ఒక్కసారిగా పైకి తేలుతుంది. అందుకే కనాడా దో ఇన్ఫెర్నో అనే చోటికి ఉదయం, పెనస్కోజాకు మధ్యాహ్నం తరువాత వెళ్లడం మంచిదంటారు. రాత్రివేళ పక్కనుంచి దీపం పట్టి చూపించే ఏర్పాటు కూడా ఉన్నది. రాయి, నది, సూర్యుడు ముగ్గురూ కలిస్తేనే ఆ చిత్రం పూర్తవుతుంది. ఈ విషయాన్ని మనసులో ఉంచుకుంటేనే తరువాతి కథ అర్థమవుతుంది.

పాతరాతియుగంతో ఈ లోయలో చెక్కే అలవాటు ఆగిపోలేదు. ఇనుపయుగంలో గుర్రపు రౌతులను, ఆయుధాలు ధరించిన వీరులను చెక్కారు. ఇరవయ్యవ శతాబ్దంలో నది ఒడ్డున నీటిమరలు నడిపి ధాన్యం పిండిపట్టినవారు కూడా అవే రాళ్లమీద దైవచిహ్నాలు, పడవలు, రైళ్లు చెక్కారు. ఇన్ని యుగాల మనుషులు ఒకే నదీతీరంలో తమ గుర్తులు వదలడం అరుదైన విషయం.

ఆనకట్టా? చెక్కడాలా?

1990ల తొలి సంవత్సరాలలో విద్యుదుత్పత్తి కోసం కోఆ నదిపై పెద్ద ఆనకట్ట నిర్మాణం మొదలైంది. ఆ సందర్భంలో లోయను పరిశీలించిన నెల్సన్ రెబాందా అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఈ చెక్కడాలను గుర్తించాడు. 1994 చివరలో ఈ వార్త ప్రపంచానికి తెలిసింది. అప్పటివరకు పాతరాతియుగపు చిత్రకళ ప్రధానంగా గుహలలోనే ఉంటుందని పండితులు భావించేవారు. ఆరుబయట, ఎండకు వానకు నిలిచి ఇంత పెద్దసంఖ్యలో చిత్రాలు ఉండడం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆనకట్ట పూర్తయితే అవన్నీ జలాశయం అడుగుకు చేరతాయి. అంతకుముందు 1980ల తొలినాళ్లలో డౌరో నదిపై పోసిన్యో దగ్గర కట్టిన ఆనకట్ట వలన కోఆ దిగువభాగంలో నీటిమట్టం పెరిగి, కొన్ని చెక్కడాలు అప్పటికే మునిగిపోయి ఉన్నాయి.

వివాదం తీవ్రమైంది. విద్యుత్తు, ఉపాధి, నీటి నిల్వ అవసరమని ఒక వర్గం వాదించింది. పేదరికం, వలసలు ఉన్న ఆ ప్రాంతంలో ఆ వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. మరొకవైపు, ఈ సంపద ఒక ప్రాంతానిది కాదు, మానవజాతి అంతటిది అనే వాదం బలపడింది. చెక్కడాలు అంత పాతవి కావని కొందరు పరిశోధకులు ప్రకటించడంతో శాస్త్రరంగంలోనూ చర్చ చెలరేగింది. ఈ సమయంలో ఫోజ్ కోఆ పాఠశాల విద్యార్థులు ముందుకు వచ్చారు. ‘చెక్కడాలకు ఈత రాదు’ అనే వారి నినాదం దేశమంతటా మారుమోగింది. పెద్దలు పుటలకొద్దీ నివేదికలలో చెప్పిన మాటను ఆ పిల్లలు కొద్ది పదాలలో చెప్పారు.

1995 అక్టోబరు ఎన్నికల తరువాత ఆంటోనియో గుటెరెస్ ప్రధానమంత్రి అయ్యారు. తరువాతి కాలంలో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి అయినది ఆయనే. ఆయన ప్రభుత్వం ఆ ఏడాదే ఆనకట్ట పనులను నిలిపివేసింది. 1996లో కోఆ లోయ పురావస్తు ఉద్యానం ఏర్పడింది. 1998లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2010లో సరిహద్దు అవతల స్పెయిన్‌లోని సియేగా వెర్డే శిలాచిత్రాలనూ దీనితో కలిపింది. యునెస్కో లెక్క ప్రకారం కోఆ లోయలోని జంతుచిత్రాలు దాదాపు 5,000. వాటి కాలం క్రీ.పూ. 22,000 నుంచి క్రీ.పూ. 8,000 మధ్యది.

కాలనిర్ణయ వివాదానికి 1999లో నేలతల్లే సమాధానం చెప్పింది. ఫరిజేవ్ అనే చోట, పాతరాతియుగపు పనిముట్లున్న మట్టిపొరల కింద కప్పబడిన చెక్కడాలు బయటపడ్డాయి. పైపొర అంత పాతదైతే, దాని కింద ఉన్న చిత్రం ఇంకా పాతదై ఉండాలి కదా! ఆనకట్ట కట్టి ఉంటే ఈ సాక్ష్యం వెలుగు చూసేది కాదు.

ఈ నిర్ణయానికి మూల్యం లేకపోలేదు. విద్యుత్తు అవసరం అలాగే మిగిలింది. తరువాతి కాలంలో దగ్గరలోని సాబోర్ నదిపై ఆనకట్ట కట్టారు. ఒక నదిని కాపాడిన నిర్ణయపు భారాన్ని మరొక నది మోయవలసి వచ్చింది. అభివృద్ధి, వారసత్వాల మధ్య ఎంపిక ఎప్పుడూ సులభం కాదనడానికి ఇది నిదర్శనం.

మరొక నది, మరొక సమాధానం

పోర్చుగల్ దక్షిణభాగంలో గ్వాదియానా అనే నది ఉన్నది. దాని పరిసరాలలోని అలెంతేజో మైదానాలలో, ఓక్ చెట్ల మధ్య బృహత్ శిలాయుగపు కట్టడాలు అనేకం ఉన్నాయి. మన పల్లెలలో రాకాసిగుళ్లు, నిలువురాళ్లు అని పిలిచేవాటివంటివే ఇవి. ఇంత పెద్ద రాళ్లను మామూలు మనుషులు ఎత్తలేరని మన పూర్వులు వాటిని రాక్షసులకు ఆపాదించారు. పోర్చుగల్ పల్లె ప్రజలు వారి కథలలో మూర్లకు ఆపాదించారు. మొన్‌సరాజ్ అనే కోటగ్రామానికి దగ్గరలో పుట్టగొడుగు ఆకారపు రాయి ఒకటి ఉన్నది. పెళ్లికాని యువతులు దానికి వెన్ను చూపి నిలిచి, ఎడమచేతితో చిన్నరాయిని పైకి విసిరే ఆచారం ఉండేది. విసిరిన రాయి పైన నిలవకుండా ఎన్నిసార్లు జారితే పెళ్లికి అన్ని సంవత్సరాలు ఆగాలని నమ్మకం.

ఆ నదిపై అల్కేవా ఆనకట్ట పూర్తయి 2002 ఫిబ్రవరిలో తలుపులు మూసుకున్నాయి. దాదాపు 250 చదరపు కిలోమీటర్ల జలాశయం ఏర్పడింది. లూజ్ అనే గ్రామాన్ని పూర్తిగా మరొకచోటికి తరలించారు. షెరేజ్ అనే చోట నాలుగు మీటర్ల నడిమిరాయి చుట్టూ చతురస్రంగా నిలిచిన సుమారు 50 నిలువురాళ్లను పెకలించి, 2004లో మొన్‌సరాజ్ దగ్గర మళ్లీ అదే అమరికలో నిలిపారు. రాళ్లు దక్కాయి. ఎండిన పొలాలకు నీరు అందింది. కాని ఆ రాళ్లను నిలిపినవారు చూసిన నేల, అక్కడి నుంచి కనిపించే దిక్చక్రం నీటికిందికి వెళ్లిపోయాయి.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. నాగార్జునసాగర్ నిర్మాణం తలపెట్టినప్పుడు, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలను కొండమీద, ఒడ్డున అనుపు దగ్గర తిరిగి నిర్మించారు. లక్షల ఎకరాలకు నీరిచ్చిన సాగరాన్ని మనం తక్కువ చేయలేము. నీటి అడుగున ఉన్న లోయను మరువనూ లేము.

బాటసారి బాధ్యత

కోఆ లోయలో ప్రధానమైన చోట్లకు సందర్శకులను చిన్నచిన్న బృందాలుగా మార్గదర్శకుల వెంట పంపుతారు. కొంతదూరం వాహనంలో, మిగిలినది కాలినడకన. తగినంత నీరు, టోపీ, గట్టి పాదరక్షలు తప్పనిసరి. చెక్కడాలను తాకరాదు. వాటి పక్కన పేర్లు గీయరాదు. ఈ హెచ్చరిక ఊరకే చేసినది కాదు. 2017 ఏప్రిల్‌లో రిబైరా డి పిస్కోస్‌లో మనిషి రూపం చెక్కిన ప్రసిద్ధ శిలమీద ఎవరో సైకిలు బొమ్మ, అక్షరాలు గీశారు. వేల ఏళ్ల ఎండవానలు చెరపలేనిదానికి నిమిషాలలో గాయమైంది. ఆనకట్ట నుంచి కాపాడడానికి ప్రభుత్వం కావాలి. ఇటువంటి చేతినుంచి కాపాడడానికి ప్రతి బాటసారి సంస్కారం కావాలి.

స్మారకం అంటే కేవలం రాయి కాదు. అది నిలిచిన నేల, దానిని తాకే వెలుగు, దగ్గరకు చేర్చే దారి కలిస్తేనే స్మారకం. రాయిని తరలించవచ్చు, నదిని, సూర్యోదయాన్ని తరలించలేము. అన్ని ఆనకట్టలను ఆపడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. కాని నీరు చేరకముందే అక్కడ ఏముందో నడిచి చూసి, తెలుసుకుని, ఆలోచించి నిర్ణయించడం నాగరిక సమాజపు లక్షణం. మన కృష్ణాతీరాన, నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో ఉన్న నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. అటువంటి చోట్లకు నడిచివెళ్లి, వాటి సంగతి తెలుసుకుని, పదిమందికి చెప్పగల యువత ఉన్నంతకాలం రాళ్లకు ఈత రాకపోయినా భయం లేదు.